ఒకే ఇంట్లో ఇద్దరికి పానిక్ అటాక్‌లు: ఒకరిని నమ్ముతారు, ఒకరిని నమ్మరు

సెలయేరు:
సభ్యులందరికీ నమస్కారం. నాకూ మా అక్కకూ ఇద్దరికీ పానిక్ అటాక్‌లు వస్తాయి. మానసిక వైద్యులు ఇద్దరినీ విడివిడిగా పరీక్షించి ఇద్దరికీ ఒకే నిర్ధారణ చెప్పారు. అయినా మా ఇంట్లో అక్కది జబ్బు, నాది స్వభావం. అక్కకు వచ్చినప్పుడు ఒళ్లంతా వణుకుతుంది, ఊపిరి అందక రొప్పుతుంది, గుండె మీద చెయ్యి వేసుకుని చచ్చిపోతున్నానని ఏడుస్తుంది. ఇల్లంతా ఆమె చుట్టూ చేరుతుంది. నాకు వచ్చినప్పుడు బయటికి ఏమీ కనిపించదు. ఎదురుగా ఉన్నవాళ్ల మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటాయి, నా చేతులు నావి కావనిపిస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకో క్షణంలో మతి తప్పిపోతుందన్న భయంతో నోరు పెగలదు. మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాను. దానికి ఇంట్లో పెట్టిన పేరు అలక. అందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో లేచిపోతే పొగరు అని కూడా అంటారు.

వచ్చినప్పటి బాధ కన్నా, అది తగ్గాక ‘ఇప్పుడేమయిందని ముఖం అలా పెట్టుకున్నావు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి రావడం నన్ను ఎక్కువగా కుంగదీస్తోంది. మీలో ఎవరికైనా అటాక్ బయటికి వేరే రూపంలో కనిపిస్తుందా? దాన్ని ఇంట్లోవాళ్లకు ఎలా అర్థమయ్యేలా చెప్పారు?

తూర్పుగాలి:
సెలయేరు గారూ, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే గుర్తుకొచ్చింది. నాకు మెలకువగా ఉన్నప్పుడు రావడం తక్కువ. నిద్రపోయిన గంటకో రెండు గంటలకో, ఎవరో తట్టి లేపినట్టు ఉలిక్కిపడి లేస్తాను. గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమట పట్టి ఆ వెంటనే చలి పుడుతుంది, కడుపులో తిప్పుతుంది. పీడకల వచ్చిందా అని మా వాళ్లు అడుగుతారు. కల రాలేదని చెబితే, మరి ఎందుకు లేచావంటారు. పడుకునే ముందు ఏదో ఆలోచించి ఉంటానని, ఫోను చూసి ఉంటానని వాళ్లే ఒక కారణం చెప్పి తిరిగి పడుకుంటారు.

ఇటువంటి రాత్రిపూట అటాక్‌లు కలలు అంతగా రాని నిద్ర దశలోనే ఎక్కువగా వస్తాయని, కాబట్టి ఇవి పీడకలలు కావని మా వైద్యులు వివరించిన తరువాత నాకు కొంత ధైర్యం వచ్చింది. కానీ అదే మాట ఇంట్లో చెప్పినప్పుడు వినడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది, ఎందుకంటే వాళ్ల దృష్టిలో భయానికి ఒక కారణం ఉండి తీరాలి, నిద్రపోతున్న మనిషికి కారణం ఎక్కడి నుంచి వస్తుందన్నది వాళ్ల ప్రశ్న.

పాతపుటలు:
ఈ విషయం మీద కొంతకాలంగా చదువుతున్నాను కాబట్టి ఒక లెక్క చెబుతాను, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి కూడా పనికొస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 అనే నిర్ధారణ గ్రంథం పానిక్ అటాక్‌కు 13 లక్షణాలు చెప్పింది. గుండె దడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, గొంతు నొక్కేసినట్టు ఉండటం, ఛాతీ నొప్పి, కడుపులో వికారం, తల తిరగడం, చలి లేదా ఆవిర్లు, తిమ్మిర్లు, చుట్టూ ఉన్నదీ తానూ నిజం కాదనిపించడం, అదుపు తప్పుతామేమోనన్న భయం, చచ్చిపోతామేమోనన్న భయం. తీవ్రమైన భయమో అసౌకర్యమో హఠాత్తుగా ఎగసి నిమిషాల్లోనే పతాక స్థాయికి చేరాలి, వీటిలో కనీసం 4 ఉండాలి. ఏ 4 అన్న నిబంధన లేదు. అంటే ఒకే ఇంట్లో ముగ్గురికి నాలుగేసి లక్షణాలు ఉండి, ఒకరికి ఉన్న లక్షణం ఇంకొకరికి ఒక్కటి కూడా లేకపోయినా, ముగ్గురికీ వచ్చింది పానిక్ అటాకే. నాలుగు కన్నా తక్కువ ఉంటే పరిమిత లక్షణాల అటాక్ అంటారు. అది కూడా మనిషిని కూలదోయగలదు.

ఆ పదమూడింటినీ మళ్లీ ఒకసారి చూడండి. పక్కన నిలబడినవాళ్లకు కంటికి కనిపించేవి వణుకు, చెమట, రొప్పు, అంతే. మిగిలినవన్నీ అనుభవించేవాళ్లు నోరు తెరిచి చెబితే తప్ప తెలియవు, ఆ సమయంలో చెప్పడానికి నోరు రాదు. సెలయేరు గారి అక్కగారికి ఉన్నవి కనిపించే లక్షణాలు, సెలయేరు గారికి ఉన్నవి కనిపించనివి. తేడా అక్కడుంది కానీ బాధ తీవ్రతలో లేదు.

వైద్యులకు కూడా దీన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉండి గుండెలో మాత్రం లోపం దొరకని వాళ్ల గురించి డా కోస్టా అనే వైద్యుడు 1871లో రాశాడు. ఈ అటాక్‌లు మళ్లీ మళ్లీ వచ్చే జబ్బును, అంటే పానిక్ డిజార్డర్‌ను, విడి వ్యాధిగా డీఎస్ఎమ్‌లో చేర్చింది 1980లో.

ఎండమావి:
నాది ఇంకో రకం. నాకు ఛాతీ బిగుసుకుపోయి ఆవిర్లు వస్తున్నప్పుడు ఎవరైనా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే భరించలేను. విదిలించుకుంటాను, గట్టిగా అరుస్తాను, బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోతాను. మా ఇంట్లో నన్ను ముక్కోపి అంటారు. లోపల ప్రాణభయంతో ఉన్న మనిషి బయటికి కోపిష్టిలా కనిపిస్తున్నాడని చెబితే నమ్మేవారు లేరు, మగవాడివి నీకు భయమేమిటని మా నాన్నగారు నవ్వేశారు. కోపానికైతే మా ఇంట్లో చోటుంది. భయానికి లేదు.

ఒక అమ్మ:
ఇక్కడ అందరూ అనుభవించేవారి వైపు నుంచి రాస్తున్నారు. కుటుంబం వైపు నుంచి అడగనివ్వండి, తప్పుగా అనుకోవద్దు. మా అబ్బాయికి డిగ్రీ చదివే వయసు. గుండె ఆగిపోతోందని అంటే పరుగున ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్త పరీక్షలు అన్నీ చేశారు. అన్నీ నార్మల్. మా ప్రాణం కుదుటపడి ‘నీకేమీ లేదు నాన్నా’ అన్నాము. ఆ మాటకే వాడు మా మీద మండిపడ్డాడు. ఆ తరువాత కూడా వస్తూనే ఉంది. అరగంట ముందు వరకు స్నేహితులతో నవ్వుతూ మాట్లాడినవాడు ఉన్నట్టుండి ముఖం పాలిపోయి కూలబడతాడు. అంతవరకు నవ్విన పిల్లవాడికి అంత భయం ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్షల్లో ఏమీ లేదని తేలిన దాన్ని ఏమని నమ్మాలి? నేను వాడిని తప్పుపట్టడానికి అడగడం లేదు. నాకు నిజంగా అర్థం కావడం లేదు.

స్వస్థ (మానసిక వైద్యురాలు):
అమ్మగారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నలూ చాలా కుటుంబాలు మనసులో పెట్టుకుని అడగకుండా ఉండిపోయేవి. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఈసీజీ, ఎకో నార్మల్‌గా ఉంటే గుండెకు సంబంధించి ఆ పరీక్షల్లో లోపం కనిపించలేదని అర్థం. మీ అబ్బాయికి ఏమీ జరగలేదని అర్థం కాదు. అటాక్ సమయంలో ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి శరీరంలో ఉన్న ఏర్పాటు అంతా ఒక్కసారిగా పనిచేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. అవసరానికి మించి ఊపిరి తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. దానివల్ల రక్తంలో నరాలకు అందుబాటులో ఉండే కాల్షియం తగ్గి పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వస్తాయి, కొందరికి వేళ్లు కొంకర్లు పోతాయి. మెదడులోని రక్తనాళాలు కుంచించుకుని తల తిరుగుతుంది, లోకం అవాస్తవంగా తోస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఊపిరాడటం లేదనిపిస్తుంది. ఇవన్నీ శరీరంలో నిజంగా జరిగేవే. ఆసుపత్రికి చేరి పరీక్ష చేసేసరికి చాలావరకు సర్దుకుపోతాయి కాబట్టి కాగితం మీద మిగలవు.

ఇక నవ్వుతున్న పిల్లవాడి సంగతి. అటాక్ ఆందోళనలో ఉన్నప్పుడు రావచ్చు, ప్రశాంతంగా ఉన్నప్పుడూ రావచ్చు, ఈ మాట నిర్ధారణ గ్రంథంలోనే ఉంది. తూర్పుగాలి గారికి నిద్రలో రావడం దీనికి బలమైన ఉదాహరణ. చాలాసార్లు ముందు మొదలయ్యేది ఆలోచన కాదు, ఒంట్లో ఒక చిన్న మార్పు. గుండె ఒకసారి లయ తప్పినట్టు కొట్టుకుంటుంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది, గదిలో ఉక్కపోస్తుంది. దాన్ని మనసు ‘గుండెపోటు వస్తోంది’ అని చదువుకుంటుంది, ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, ఆ వేగం భయాన్ని రుజువు చేసినట్టు కనిపిస్తుంది. ఈ చక్రాన్ని డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో వివరించారు, ఇప్పటి మాటల చికిత్సకు అది ఒక పునాది.

పిరికితనం అనేవారి కోసం ఇంకొకటి. మెదడులో అమిగ్దలా అనే భాగం రెండు వైపులా దెబ్బతిని, పాములను చూసినా భయపెట్టే సినిమాలు చూసినా భయం కలగని ఒక మహిళ గురించి పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. ఆమె పేరు చెప్పకుండా ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో ప్రస్తావిస్తారు. 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిని ఆమె చేతా, అటువంటి లోపమే ఉన్న మరో ఇద్దరి చేతా పీల్పించిన ప్రయోగం ఒకటి 2013లో ప్రచురితమయింది. ముగ్గురికీ పానిక్ అటాక్ వచ్చింది. పాముకు భయపడని మనిషికి తన ఒంట్లో నుంచి వచ్చిన సంకేతం చాలింది. ధైర్యం ఉన్నవాళ్లకు రాదు అనే మాటకు ఆధారం లేదు.

ఎండమావి గారికి ఒక మాట. కోపం ఆ 13 లక్షణాలలో లేదు. మీకు కోపం వస్తున్నది అటాక్ మధ్యలో, తప్పించుకుపోయే దారి మూసుకున్నట్టు అనిపించినప్పుడు, కాబట్టి మీ విషయంలో అది భయం పడిన వేషం. అలాగని ఇంట్లో వచ్చే ప్రతి కోపాన్నీ దీని ఖాతాలో వేయకూడదు, రెండూ వేరు చేసి చూసుకోవాలి. ఆ స్థితిలో బండి నడపకండి. నడిచి వెళ్లండి.

తూర్పుగాలి:
వైద్యురాలు గారూ, నాకు ఇంకో సందేహం. మా పెద్దమ్మగారికి ఛాతీ బరువు, చెమటలు, వికారం వస్తాయి కానీ భయం వేయదట. భయం లేనప్పుడు అది పానిక్ అటాక్ ఎలా అవుతుంది?

స్వస్థ (మానసిక వైద్యురాలు):
భయం తెలియకుండా ఒంటి లక్షణాలు మాత్రమే వచ్చే అటాక్‌లు ఉన్నాయి, గుండె వైద్యుల దగ్గరికి ఛాతీ నొప్పితో వచ్చేవాళ్లలో వీటిని గుర్తించారు. కానీ మీ పెద్దమ్మగారి విషయంలో ముందుగా ఆ మాట అనుకోవద్దు. వయసు పైబడినవారికి, ముఖ్యంగా స్త్రీలకూ మధుమేహం ఉన్నవారికీ, గుండెపోటు కూడా ఇలాగే అంత స్పష్టంగా లేని లక్షణాలతో రావచ్చు. మొదటిసారి వచ్చినా, నడిచినప్పుడో బరువు ఎత్తినప్పుడో నొప్పి వస్తున్నా, చేతికీ దవడకూ పాకుతున్నా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పానిక్ అటాక్‌లో కళ్లు బైర్లు కమ్ముతాయి కానీ రక్తపోటు పడిపోదు, మామూలుగా పెరుగుతుంది, అందుకే నిజంగా స్పృహ తప్పడం అరుదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, గుండె లయ తప్పడం, రక్తంలో చక్కెర పడిపోవడం వంటివి కూడా దీన్ని పోలి ఉంటాయి. ఎప్పుడో పానిక్ అని చెప్పారు కదా అని కొత్తగా వచ్చిన నొప్పిని కుటుంబం కొట్టిపారేయడం కూడా అపార్థమే, అది ప్రాణాల మీదికి తేవచ్చు.

తోడునీడ:
నా భార్యకు ఈ సమస్య ఉంది. నేను మొదటి నుంచీ నమ్మాను. ఆమెను ఎక్కడికీ ఒంటరిగా పంపను, బస్సు ఎక్కనివ్వను, జనం ఉండే చోటికి వెళ్లవలసి వస్తే నేనే వెళ్లి ఆ పని చూసుకుని వస్తాను. పది నిమిషాలకొకసారి బాగానే ఉన్నావా అని అడుగుతాను. నమ్మని కుటుంబాల గురించే ఇక్కడ మాట్లాడుతున్నారు కాబట్టి, నమ్మేవాళ్లు కూడా ఉంటారని చెప్పాలనిపించింది.

గవాక్షం:
తోడునీడ గారూ, మీ ప్రేమను శంకించడం లేదు. మీ భార్య స్థానంలో నేను చాలా కాలం ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. మా వారు నాకు వచ్చే కష్టాన్ని తప్పించాలనే చూశారు. ముందు బస్సు మానేశాను, తరువాత పెళ్లిళ్లు పేరంటాలు, తరువాత బజారు, చివరికి వీధి మలుపు దాటాలంటే ఆయన పక్కన ఉండాలి. ఒక్కొక్కటి మానేసినప్పుడల్లా ఆ రోజుకు హాయిగా ఉండేది, మరుసటి వారానికి నా లోకం ఇంకొంచెం చిన్నదయ్యేది. బాగానే ఉన్నావా అని ఆయన అడిగిన ప్రతిసారీ నేను నా గుండెను వెతుక్కునేదాన్ని, వెతుక్కుంటే దడ దొరక్కుండా పోదు. నమ్మకపోవడం ఒక అపార్థమైతే, ఇక నావల్ల ఏమీ కాదని నమ్మేయడం రెండో అపార్థం. రెండోదానిలో ప్రేమ ఉంది కాబట్టి ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

తోడునీడ:
మీరు రాసింది చదివి ఆమెకు కూడా చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ‘ఇది నేను చెప్పలేకపోయిన మాట’ అంది. అయితే నేనిప్పుడు ఏం చెయ్యాలి? రేపటి నుంచి ఒంటరిగా పంపించెయ్యాలా?

స్వస్థ (మానసిక వైద్యురాలు):
ఒక్కసారిగా వద్దు. ఆమె ఎంచుకున్న చిన్న పనితో, ఆమె ఒప్పుకున్న వేగంతో మొదలుపెట్టాలి. ముందు మీరు కొంచెం వెనుక నడవండి, తరువాత మలుపు దగ్గర ఆగండి, ఆ తరువాత ఇంట్లో ఉండండి. దడ వచ్చినా అక్కడే ఉండి అది దానంతట అది దిగిపోవడం ఆమె చూడాలి. భయం తగ్గేది ఆ అనుభవంతోనే. చికిత్సలో మేము కావాలని ఒకచోట నిలబడి పరుగెత్తించి, కుర్చీలో గిర్రున తిప్పి, సన్నని గొట్టంతో ఊపిరి తీయించి ఆ లక్షణాలను తెప్పిస్తాము, అవి ప్రమాదకరం కాదని శరీరమే నేర్చుకోవడానికి. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, గర్భం వంటివి ఉంటే వైద్యులను అడగకుండా వీటిని సొంతంగా ప్రయత్నించకూడదు.

సెలయేరు:
ఈ చర్చను మా అక్క కూడా చదివింది. ఆమె మాటను ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. నన్ను నమ్మరని, ఆమెను నమ్ముతారని నేను అనుకుంటూ వచ్చాను కదా, ఆమె చెప్పింది వేరు. తనకు వచ్చినప్పుడు అందరూ చుట్టూ మూగుతారు, ముఖాన నీళ్లు చల్లుతారు, ఊపిరి గట్టిగా తీసుకో గట్టిగా తీసుకో అని నలుగురూ నాలుగు వైపుల నుంచి అరుస్తారు. తగ్గిన తరువాత ఇంట్లో ఏ కష్టం వచ్చినా, అప్పయినా జబ్బయినా, దానికి చెప్పకండి తట్టుకోలేదని తన దగ్గర దాచేస్తారు. ‘నిన్ను కనీసం మనిషిలాగా కోప్పడతారు, నన్ను గాజుబొమ్మను చేసేశారు’ అంది. అక్క చుట్టూ చేరేవాళ్లను చూసి నేను ఇన్నాళ్లూ బాధపడ్డాను. వాళ్ల మధ్యలో ఆమెకు గాలి ఆడటం లేదు.

పాతపుటలు:
గట్టిగా ఊపిరి తీసుకో అన్న సలహా గురించి వైద్యురాలు గారు పైన చెప్పిన వివరంతో కలిపి చూస్తే, అది మేలు చేయకపోగా కీడు చేస్తుందనిపిస్తోంది. ఇప్పటికే ఎక్కువ ఊపిరి తీస్తున్నవారిని ఇంకా తీయమంటే తిమ్మిర్లు పెరుగుతాయి కదా?

స్వస్థ (మానసిక వైద్యురాలు):
సరిగ్గా చెప్పారు. ఊపిరి పెద్దగా తీయడం కాదు, నెమ్మదిగా వదలడం మీద దృష్టి పెట్టాలి. కాగితపు సంచిలో ఊపిరి తీయించడం పాత పద్ధతి, ఇప్పుడు చేయవద్దంటాము, ఎందుకంటే అది గుండెపోటో ఉబ్బసమో అయితే ఆక్సిజన్ తగ్గి ప్రమాదం వస్తుంది. అసలు ఊపిరి మీద దృష్టి పెట్టమంటేనే ఎక్కువయ్యేవాళ్లు ఉన్నారు. అటువంటివారికి కాళ్ల కింద నేలను గమనించడం, ఎదురుగా ఉన్న వస్తువుల పేర్లు చెప్పడం నయంగా ఉంటుంది. ఒకరికి చెయ్యి పట్టుకుంటే ఊరట, ఎండమావి గారికి అదే నిప్పు. సెలయేరు గారికి మాట్లాడించకుండా ఉండటం కావాలి, తూర్పుగాలి గారికి దీపం వేయడం చాలేమో. అటాక్ మధ్యలో ఏం కావాలని అడిగితే జవాబు రాదు. మామూలుగా ఉన్న రోజున, తొందర లేనప్పుడు, కూర్చోబెట్టి అడగాలి.

ఎండమావి:
ఆ పని మా తమ్ముడితో మొదలుపెట్టాను, నాన్నగారితో ఇప్పుడే కాదు. ఇంట్లో అందరినీ ఒకేసారి ఒప్పించాలనుకుంటే ఎవరికీ చెప్పలేము, ముందు వినగలిగిన ఒక్కరిని చూసుకోవాలి. ‘నేను బయటికి వెళుతున్నాను అంటే ఆపవద్దు, వెనకాల రావద్దు, తాళాలు మాత్రం నీ దగ్గర ఉంచుకో’ అని చెప్పాను. వాడు ఇంకేమీ అడగకుండా తాళాలు జేబులో వేసుకున్నాడు. తరువాత నాన్నగారు మళ్లీ నవ్వబోతే వాడే అడ్డుపడ్డాడు.

ఒక అమ్మ:
మా అబ్బాయిని అడిగాను. ముందు ఏమీ లేదులే అమ్మా అన్నాడు. నీకు ఏమీ లేదని చెప్పడానికి కాదు, ఏముందో తెలుసుకోవడానికి అడుగుతున్నానని చెప్పాక మాట్లాడాడు. తనకు అన్నిటికన్నా ముందు గొంతు నొక్కేసినట్టు అవుతుందట. నేను ఇంతకాలం గుండె గురించే అడుగుతున్నాను. వచ్చినప్పుడు పక్కనే ఉండాలట, కానీ తగ్గిందా తగ్గిందా అని అడగకూడదట, వాళ్ల నాన్నగారికి ఆ క్షణంలో ఫోన్ చేయకూడదట. ‘నార్మల్’ అన్న మాట ఎందుకంత బాధపెట్టిందని కూడా అడిగాను. ఆ మాట విన్నాక ఇంక తనకు ఎవరూ వైద్యం చేయరని అనుకున్నాడట. ఆ కోణం నాకు తట్టనే లేదు.

ఇప్పుడు మానసిక వైద్యుల దగ్గరికి వస్తానన్నాడు. మందులు వాడితే అలవాటు పడిపోతాడని మా బంధువులు భయపెడుతున్నారు. ఆ సంగతి చెప్పగలరా?

స్వస్థ (మానసిక వైద్యురాలు):
అమ్మగారూ, ఇందులో వాడే మందులు ప్రధానంగా రెండు తెగలు. ఎస్ఎస్ఆర్ఐ తెగ మందులు నెలల తరబడి వాడేవి, వాటి మీద మత్తుమందుల మాదిరి వ్యసనం ఏర్పడదు, కానీ మానేటప్పుడు వైద్యులు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో గాభరా కొంచెం పెరిగినట్టు కూడా ఉండవచ్చు, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఈ సంగతి ముందే తెలియక చాలామంది మొదటి వారంలోనే మందు పడలేదని ఆపేస్తారు. మీ అబ్బాయిది చిన్న వయసు కాబట్టి మొదటి వారాల్లో మనసు బాగా కుంగినట్టు కనిపించినా, చనిపోవాలన్న మాట అన్నా ఆలస్యం చేయకుండా వైద్యులకు తెలియజేయండి. రెండో తెగ బెంజోడయాజిపైన్లు. అవి వెంటనే పనిచేస్తాయి, అలవాటు పడే ప్రమాదం వాటితోనే, కాబట్టి అవసరమైతే కొద్ది రోజులకే ఇస్తారు, చీటీ లేకుండా మళ్లీ మళ్లీ కొనుక్కోకూడదు. పైన చెప్పిన మాటల చికిత్స, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఒక్కటే చాలినవాళ్లు, మందు కూడా కావలసినవాళ్లు, ఇద్దరూ ఉంటారు.

మొదటిసారి వెళ్లినప్పుడు గొంతు సంగతి అతన్నే చెప్పనివ్వండి. గుండె గురించి అడిగినప్పుడు మీరు జవాబు అందించకండి. పాత రిపోర్టులు అన్నీ తీసుకువెళ్లండి, అవి పనికొస్తాయి.